ఈశాన్యంలో గోదావరి

మొన్న పొద్దున్న ఫ్యాను బాగుచేసే మనిషి నిచ్చెన భుజాన వేసుకుని మా వెనక గది గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. ఆ గదిలో నిచ్చెన దింపడానికి చోటు లేదు. గోడల చుట్టూతా రొమ్మెత్తున చెక్క బల్ల, దాని కిందకి సగం దూరిన నవారు మంచం, మంచం పక్కన బియ్యం డబ్బా, ఇవి చాలవన్నట్టు గుమ్మానికి అడ్డంగా, ఎత్తితే లేచే చెక్క ఒకటి. "ఏంటండి మామ్మగారూ ఇదీ, అటక కిందకి జారిపోయిందాండీ?" అని అడిగాడు. "అటక కాదు, గోదావరి" అన్నాను. ఈవిడకి ఎక్కడో తేడా చేసిందన్నట్టు చూశాడు. వివరంగా చెబుతూ కూర్చుంటే అతని పొద్దు పోతుంది, నా పని ఆగుతుంది. అందుకని చెక్క పైకెత్తి పట్టుకుని, "వంగి రా, కొవ్వూరు తలకి తగులుతుంది" అన్నాను. వంగి వచ్చాడు. వచ్చినవాడు ఫ్యాను సంగతి మరిచిపోయి బల్ల మీదకే చూస్తూ నిలబడ్డాడు. ఆ గదిలో అడుగు పెట్టిన మగవాళ్ళందరిదీ అదే జబ్బు. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, పనిమీద వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే చేతిలో పని కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, "ఇంజను ఎక్కడుందండీ" అంటారు.

నేను చదివింది మూడో తరగతి. మా లంకలో బడి అంతవరకే ఉండేది. నాలుగో తరగతికి ఏరు దాటి పోవాలి, ఆడపిల్లని రోజూ పడవెక్కించి పంపడం ఎందుకన్నారు. ఈ వయసులో నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది నా గొప్ప కాదు. మనవరాలు భీమవరంలో ఇంజనీరింగు చదువుతూ సగం రాసి వదిలేసిన పుస్తకాలు పారెయ్యడానికి నాకు చేతులు రావు. తెల్లకాగితం కనిపిస్తే వృథా పోతోందని బెంగ. మా ఇంటాయనకి అలాంటి బెంగ లేదు. ఆయన కాలవల ఆఫీసులో మ్యాపులు దాచే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఎవరైనా మ్యాపు అడిగితే తీసివ్వడం, వాళ్ళు తిరిగి ఇచ్చేదాకా ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చోవడం, ఇదే ఆయన ఉద్యోగం. గోదావరి ఏ వంపులో ఏ లంక ఉందో, ఏ లంకకి ఏ రేవు ఉందో ఆయనకి కంఠతా వచ్చు. అయితే అవన్నీ పాత మ్యాపులు. ఆ ముక్క ఇక్కడే చెప్పెయ్యాలి. తరవాత జరిగిన రభసలో సగం దానివల్లే.

ఆ వెనక గది నేను మా అక్క కోసం ఖాళీ చేయించిన గది. అక్క నాకన్నా ఏడేళ్ళు పెద్ద. పిల్లలు లేరు. బావగారు పోయాక కూడా లంకలోనే ఉండిపోయింది. ఒక గేదె, పెంకుటిల్లు, ఏరు తినగా మిగిలిన కొబ్బరిచెట్లు, ఇవే ఆవిడ సంసారం. ఏరు తినగా అని ఊరికే అనలేదు. మా లంకకి ఒకవైపు ఒడ్డు ఏటా కోసుకుపోతుంది. నా చిన్నప్పుడు ఇంటికీ ఏటికీ మధ్య రెండు తోటలు, ఒక పశువుల పాక, పిల్లలందరం పరిగెత్తి అలిసిపోయేంత ఖాళీ చోటు ఉండేవి. ఇప్పుడు వీధరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటే కిందనుంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. మా లంకలో వాళ్ళకి ఒక అలవాటుంది. వరద రోజుల్లో ఇంటికీ ఒడ్డుకీ మధ్య వెదురు పుల్లలు వరసగా పాతుతారు. పొద్దున్నే లేచి ఏ పుల్ల దాకా ఒడ్డు విరిగిందో చూసుకుని, దాన్నిబట్టి గేదెని విప్పాలా, సామాను మూట కట్టాలా అని తేల్చుకుంటారు. ఒక్క పుల్ల మిగిలినా ఇల్లు ఉన్నట్టే లెక్క. అక్క ఏళ్ళ తరబడి ఆ లెక్క మీదే బతుకుతోంది. వరదకి రాజమండ్రి మా ఇంటికి వస్తుంది. "ఇంక ఇక్కడే ఉండిపోవే" అని నేను బతిమాలతాను, తరవాత తిడతాను. "నీళ్ళు తీశాక పోతానే" అంటుంది. నీళ్ళు తీస్తాయి, పోతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో టీవీలో చెప్పినప్పుడల్లా ఇక్కడ నాకు అన్నం దిగదు.

ఆ ఏడు మాత్రం గట్టిగా అనుకున్నాను, ఈసారి వచ్చిందంటే వెనక్కి పంపేది లేదని. ఎండలు ముదిరినప్పుడే గది కడిగించాను. బీరువాలో ఎప్పటెప్పటివో పాత దుప్పట్లు తీసి ఎండేసి, అరలు ఖాళీ చేశాను. మంచానికి నవారు విప్పి బిగించి అల్లించాను. వచ్చిన మనిషికి ఇది చుట్టాలిల్లు అనిపించకూడదు, తన గది అనిపించాలి, అప్పుడు గానీ కాలు నిలవదు అని నా ఆలోచన. సరిగ్గా ఆ సమయం చూసుకుని మా అల్లుడు రైలు తెచ్చాడు.

అట్టపెట్టెలో ఒక ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా బిగించుకునే పట్టాలు. చిన్నపిల్లలు లేని ఇంట్లో ఈ బొమ్మలెందుకు బాబూ అంటే, "మావయ్యగారికి తోచడం లేదన్నారు కదండీ అత్తయ్యగారూ" అన్నాడు. తోచకపోతే కూరగాయలు తేవచ్చు, బావి గిలకకి నూనె వెయ్యచ్చు. అల్లుడితో అలా అనలేం కదా, ఊరుకున్నాను. మొదటిరోజు హాల్లో నేల మీద తిప్పారు. రెండోరోజు, సెలవులకి వచ్చిన మనవరాలు ఫోన్లో ఏవో వీడియోలు పెట్టి చూపించింది. ఎక్కడో చలిదేశాల్లో మనుషులు ఇంట్లో గదికి గది రైళ్ళతో నింపేసుకుని, కొండలు, సొరంగాలు, చర్చిలు, ఆవులు అన్నీ చేసి పెట్టుకున్నారు. మా ఇంటాయన అది చూస్తూ కాఫీ చల్లార్చుకున్నారు. నలభై ఏళ్ళ పైచిలుకు కాపురంలో ఆయన కాఫీ చల్లార్చుకోవడం నేనెరగను. "ఊరికే పట్టాలు పరిచెయ్యకూడదే. ముందు ప్లాను గియ్యాలి" అన్నారు. ఆ ప్లాను గియ్యడం ఈ రోజు వరకూ పూర్తి కాలేదు.

ఆయన పుట్టిందీ కోనసీమలోనే. మా వైపు వాళ్ళందరిలాగే రైలు వస్తుంది, వస్తుంది అని వింటూ పెరిగి, వింటూనే ముసలివారయ్యారు. "ఎవరో వేసేదాకా కూర్చోవడం ఎందుకు, మనింట్లో మనం వేసుకుందాం" అన్నారు. రైలు రాజమండ్రిలో బయలుదేరి, వంతెన దాటి కొవ్వూరు చేరి, అక్కడినుంచి ఆయన కొత్తగా వేసే లైను మీద కోనసీమలోకి దిగి, మా లంక రేవుకి ఎదురుగా ఆగాలి. అదీ ప్లాను. "బాగానే ఉంది, ఎక్కడ వేస్తారు" అన్నాను. వెనక గది చూపించారు.

"అది అక్క గదండీ."

"వదినగారు మంచం మీద పడుకుంటారు, రైలు గోడవారగా పోతుంది. ఎవరి దారి వాళ్ళది."

"లేచి కూర్చుంటే తల తగలదా?"

"అందుకే కదా ప్లాను అంటున్నాను."

ఈ ప్లాను అనే మాటకి మా ఇంట్లో జవాబు లేకుండా పోయింది. ఏది అడిగినా ప్లాన్లో చూస్తున్నాననేవారు. కాగితం చాలడం లేదని, బీరువా అరల్లో పరచడానికి నేను దాచిపెట్టుకున్న పాత క్యాలెండర్లన్నీ లాగి, వెనక తెల్లవైపు గీసుకున్నారు. దేవుడి బొమ్మలు కిందకి, ఆయన గీతలు పైకి. మొదటి ప్లాన్లో బల్ల మరీ వెడల్పయింది. గోడ పక్కన పట్టా తప్పితే చెయ్యి అందదు, ఎవరు ఎక్కి సరిచేస్తారు అని అది కొట్టేశారు. రెండో ప్లాన్లో మూల దగ్గర మలుపు మరీ బిగుసుకుపోయింది, పెట్టెలు తిరగలేక పడిపోతాయట. మలుపు వెడల్పు చెయ్యాలంటే మంచం జరగాలి. మంచం జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు. "మంచం కావాలా, మలుపు కావాలా నువ్వే చెప్పు" అన్నారొకరోజు, ఏదో నాకు మంచి బేరం ఇస్తున్నట్టు. "మంచం మీద మా అక్క పడుకుంటుంది. మలుపు మీద ఎవరు పడుకుంటారు" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గదిలో నేల మీద నా ముగ్గుపిండితో బల్ల అంచులు గీసి ఉన్నాయి. కాగితం మీద తెలియడం లేదట, అసలు కొలతలో చూసుకోవాలట. చిమ్మిన నేల మీద పిండి పడి ఉంటే నాకు ఊపిరాడదు. పొద్దున్నే చిమ్మేశాను. మళ్ళీ గీశారు. మళ్ళీ చిమ్మేశాను. డబ్బాలో ముగ్గుపిండి అడుగంటింది గానీ ఇద్దరం తగ్గలేదు.

ఇంతలో ఒక ప్లాన్లో గోదావరి నైరుతి మూలకి వచ్చింది. ఆ ఒక్కచోట నేను గట్టిగా అడ్డం పడ్డాను, కాదనను. ఇంట్లో నైరుతిలో నీళ్ళేమిటి? అక్క వచ్చి ఉండబోయే గదిలో అంత పని చేస్తే ఆ పాపం ఎవరికి? "అవి నీళ్ళు కావే, నీలం రంగు" అన్నారు. "గోదావరి అని మీరే రాశారు కదా" అన్నాను. ఆయనకీ లోపల భయమే. మర్నాటికి ప్లాను మొత్తం తిప్పేసి గోదావరిని ఈశాన్యంలో పెట్టారు. అక్కడ గుమ్మం ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. వడ్రంగి వచ్చి బల్ల బిగించి, వంతెన వేసే చోట నిలబడి, "మరి లోపలికి ఎలా వెళ్తారండీ?" అని అడిగితే అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గుమ్మానికి అడ్డంగా గోదావరి పారుతోంది. చివరికి వంతెనని కీలు మీద లేచే చెక్క చేశారు. అంటే పూటపూటకీ బియ్యం తెచ్చుకోవడానికి నేను గోదావరి వంతెన ఎత్తి, వంగి, లోపలికి పోయి, చేటలో బియ్యంతో మళ్ళీ వంగి రావాలి. వాస్తు నేనే అడిగాను కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేకపోయింది. కోపమంతా వడ్రంగి మీద చూపించాను. అతను ప్రతిదానికీ "ఆయ్, అలాగేనండి" అనేవాడు, వారానికోసారి వచ్చేవాడు. కొత్త చెక్క కొనడం దండగని, మేడ మీద వానకి తడుస్తున్న పాత తలుపు రెక్కలు రెండు నేనే దింపించి ఇచ్చాను. అవి రెండూ ఒకే మందం కాదట. ఆ అతుకు దగ్గర ఇంజను ఇప్పటికీ ఎక్కిళ్ళు పెట్టినట్టు ఆగుతుంది. ఆగినప్పుడల్లా మా ఇంటాయన నావైపు చూస్తారు.

నేను అనుకున్న గది ఒకటి, అయిన గది ఒకటి. శ్రావణం వచ్చేసింది. ఎగువన వానలు, ఏట్లో ఎర్రనీళ్ళు, ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పారు. ఆ సాయంత్రమే అక్క వచ్చింది. లంక నుంచి పడవలో గట్టుకి, గట్టు నుంచి ఆటోలో బస్సు దగ్గరికి, బస్సులో ఇక్కడికి. గేదెని గట్టు మీద పక్కింటి కోడలికి ఒప్పజెప్పి, ఒక రేకుపెట్టె, కొబ్బరికాయల గోనెసంచి పట్టుకుని దిగింది. ఆ గది చూపించడానికి నాకు మొహం చెల్లలేదు. అక్క గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఇదేంటే, పెళ్ళివారి వంటబల్లలా ఉంది."

"మీ మరిదిగారి రైలు."

"నేనెక్కడ పడుకోవాలి?"

"కొవ్వూరు కింద" అన్నారు మా ఇంటాయన వెనకనుంచి, ఎంతో మర్యాదగా.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత కోపం వచ్చింది. అక్క మాత్రం, "సరేలే, నీళ్ళు తీశాక పోయేదాన్నే కదా, ఎక్కడ పడుకుంటే ఏంటి" అంది. సరిగ్గా ఆ మాట రాకూడదనే ఎండాకాలం నుంచీ పాటుపడ్డాను. మర్నాడు పొద్దున్న లేస్తూ తల కొట్టుకుంది. ఆ మర్నాడూ కొట్టుకుంది. ఆయనతో మాట్లాడటం మానేసి, వంటింట్లో గిన్నెలతో మాట్లాడటం మొదలుపెట్టాను. అన్నీ సర్దేసి, పట్టాలు పెట్టెలో పడేసి, బల్ల ఊడబీకించాలని మనసులో వంద సార్లు ఊడబీకాను.

రెండు మూడు రోజులు గడిచేసరికి వెనక గదిలోంచి వాదులాట వినిపించడం మొదలైంది. నేను చేట పట్టుకుని వంతెన ఎత్తేసరికి, అక్క మంచం మీద నిలబడి, ఒక చేత్తో బీరువా పట్టుకుని, బల్ల మీదకి వంగి ఉంది.

"మరిదిగారూ, మీ ఊళ్ళో పొద్దు ఎటు పొడుస్తుందండీ? రాజమండ్రి పడమట ఉందేంటి?"

"అది మీ చెల్లెలి వాస్తు వదినగారూ. దాన్నే అడగండి."

"సరే, అది పోనివ్వండి. ఈ రేవేంటి?"

"మీ లంక రేవేనండి. పెళ్ళికి మేము పడవ దిగిన రేవు."

"అది ఏట్లో కలిసి ఎన్నేళ్ళయిందో తెలుసా? రావిచెట్టుతో సహా పోయింది."

"మ్యాపులో ఉందండీ."

"మ్యాపులో ఉంటే మీరే వెళ్ళి దిగండి అక్కడ. ఈత వచ్చు కదా."

నేను నవ్వకూడదని పెదవి కొరుక్కుని బియ్యం కొలుచుకున్నాను. అయితే అక్కడితో ఆగలేదు. ఆ వీడియోల మనుషులు ఏదో ఒక ఏడు అనుకుని, ఆ ఏట ఊరు ఎలా ఉందో అలాగే చేస్తారట. మా ఇంటాయన మా పెళ్ళినాటి ఏడు ఖాయం చేసుకున్నారు. అప్పటి లంక, అప్పటి రేవు, అప్పటి తోటలు. అక్క, ఆ ఏడు అక్కడ రైలు ఉందా అని అడిగింది. లేదన్నారు. ఇప్పుడు ఉందా అంది. ఇప్పుడూ లేదన్నారు. "ఏ ఏడూ లేని రైలుకి మా పాత రేవు మీద అంత పట్టుదల ఏంటండీ" అంది. విడ్డూరం ఏంటంటే, ఆయనకి కోపం రాలేదు. నేను మంచం గురించి ఒక్కమాట అంటే రెండు రోజులు మాట్లాడని మనిషి, ఆవిడ అంటుంటే కళ్ళజోడు తుడుచుకుని వింటున్నారు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇద్దరూ అదే పని. కొత్త ఫ్రిజ్జుకి వచ్చిన ధర్మాకోలు చెక్కలు నేను ఎందుకైనా పనికొస్తాయని దాచుకుంటే, వాటితో లంక కోశారు. మనవరాలు వదిలేసిన గోళ్ళరంగు అగ్గిపెట్టెకి పూసి అక్క పెంకుటిల్లు చేశారు. "అరుగు ఇంకా పొడుగు మరిదిగారూ" అని ఆవిడ, "అట్ట చాలదు వదినగారూ" అని ఆయన. నా కొత్త చీపురులోంచి పుల్లలు విరిచి, అగ్గిపెట్టె ఇంటికీ నీలంరంగు ఏటికీ మధ్య వరసగా గుచ్చింది అక్క. లంకలో వెదురు పుల్లలు పాతినట్టే. చీపురు పాడైనందుకు నేను కేకలేశాను. ఇద్దరూ బళ్ళో పిల్లల్లా తలవంచుకుని, నేను అటు వెళ్ళగానే మళ్ళీ మొదలుపెట్టారు. గది నాది, చెక్క నాది, చీపురు నాది, అక్క నాది. చివరికి అందరూ ఆయన జట్టు, నేనొక్కదాన్నే బయట.

అయినా అడిగితే జవాబు మాత్రం మారలేదు. జడ వేస్తూ ఒకరోజు, "ఇక్కడ కాలక్షేపం బాగానే ఉంది కదే, ఉండిపోరాదూ" అన్నాను. "రైలు బాగుంది. ఇల్లు అక్కడుంది" అంది. వాకిట్లో ఆరు పుల్లలు పాతి వచ్చిందట. నీళ్ళు ఎంత కోసినా మూడు దాటవని ఆవిడ ధైర్యం.

నీళ్ళు తీశాయి. గట్టు మీద పక్కింటి కోడలు లంకకి వెళ్ళి చూసి, ఫోన్లో వీడియో తీసి పంపింది. మా ఇంటాయన ఫోను అక్కకి ఇచ్చారు. నేను ఆవిడ భుజం మీదనుంచి చూశాను. వాకిలి లేదు. పుల్లలు లేవు. వీధరుగు సగం విరిగి కింద ఏట్లోకి వేలాడుతోంది. ఇల్లు నిలబడే ఉంది, తలుపుకి తాళం కూడా ఉంది, కాని తలుపు తీస్తే కాలు పెట్టేది నీళ్ళల్లో. వెనక గోడకి అడుగునుంచి పైదాకా బీట. అక్క ఒకసారి చూసి, "ఇంకోసారి పెట్టండి" అంది. ఇంకోసారి చూసి ఫోను ఆయన చేతికి ఇచ్చి, వంటింట్లోకి వచ్చి, నేను తరిగి పెట్టిన బెండకాయలు తీసుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. తరిగినవే తరుగుతోంది. ఆవిడ ఒప్పుకోనన్నన్నాళ్ళూ నా దగ్గర బోలెడన్ని మాటలు సిద్ధంగా ఉండేవి. నేను చెప్పలేదా అనచ్చు. ఇంక ఏ మొహం పెట్టుకుని పోతావు అనచ్చు. అవన్నీ అక్కడే వదిలేసి పొయ్యి మీద మూకుడు పెట్టాను. ఆ పూట కూర మరీ సన్నగా వచ్చింది, అదే తిన్నాం. భోజనం దగ్గర ఆవిడే అంది, "ఎల్లుండి వెళ్ళి గేదెని తెచ్చుకుని, ఏం చెయ్యాలో చూస్తాను" అని. ఇల్లు ఉంది కదా అంటుంది, నాకు తెలుసు. బీట వేసిన గోడకి మట్టి మెత్తుకుని అందులోనే పడుకుంటుంది. తాళం ఉన్నంతకాలం అది ఇల్లే ఆవిడకి.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంటాయన బల్ల దగ్గర నిలబడి లంక అంచుకి రంగు వేస్తున్నారు. వీడియో చూసిన దగ్గర్నుంచి ఆయన ఆ రంగు డబ్బా వదల్లేదు, అంతే. అక్క వంతెన కింద నుంచి వంగి వచ్చి ఆయన పక్కన నిలబడింది. చీపురు పుల్లలు ఒక్కొక్కటే పీకింది. అన్నీ గుప్పిట్లో పట్టుకుని, "కత్తి ఇలా ఇవ్వండి మరిదిగారూ" అంది. ఎందుకండీ అంటూనే ఇచ్చారు. ఆవిడ పాత రేవు దగ్గర కత్తి దింపి, ధర్మాకోలు కోసుకుంటూ వచ్చింది. తోటలు పోయాయి, పాక పోయింది, వాకిలి పోయింది. అగ్గిపెట్టె ఇంటి ముందుకి వచ్చి కత్తి ఆగింది. ఆగుతుందనే నేననుకున్నాను. అరుగు దాకానే పోయింది, ఇల్లుంది అంటుంది, మళ్ళీ మొదటికి వస్తుంది అనుకుని నోరు తెరవబోయాను. కత్తి పక్కకి తిరిగింది. ఇంటి వెనకనుంచి కోసుకుంటూ పోయి రెండో చివర తేలింది. తెగిన ముక్క ఇంటితో సహా ఆవిడ చేతిలోకి వచ్చింది.

"ఇల్లింకా పడలేదు కదండీ వదినగారూ" అన్నారాయన మెల్లిగా.

"వచ్చే వరదకి పడుతుంది. మీ రైలు అయ్యేసరికి ఎలాగూ ఉండదు."

"పోనీ ఇక్కడైనా ఉంచుదాం. ఇక్కడ ఏరు కొయ్యదుగా."

"రాని రైలు వచ్చినట్టు పెట్టుకున్నారు, బాగుంది, ఎప్పటికైనా రావచ్చు. పోయిన ఇల్లు ఉన్నట్టు మాత్రం పెట్టకండి. రోజూ పొద్దున్నే మంచం మీంచి లేచి దాన్ని చూడాల్సింది నేను."

రోజూ అంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నేనా, ఆయన కూడా విన్నారా అని ఆయనవైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి రంగు చేతుల్తోనే తుడుచుకుంటున్నారు. నాకు అక్కని పట్టుకుని ఏడవాలనిపించింది. అలాంటి అలవాటు మా ఇంట్లో లేదు. "ఆ ముక్కలు నేల మీద రాల్చకు, పూసల్లా ఎగురుతాయి, నేను చిమ్మలేను" అన్నాను. అక్క అగ్గిపెట్టె ఇల్లు ముక్క మీద నుంచి ఊడదీసి నా చేతిలో పెట్టింది. అందులో ఇంకా నాలుగు అగ్గిపుల్లలు ఉన్నాయి. వంటింట్లోకి తీసుకుపోయి పొయ్యి పక్కన పెట్టాను. వెనకనుంచి అక్క గొంతు వినిపించింది, "బీరువాలో నాకు ఏ అర ఇచ్చావే" అని. మధ్య అర అన్నాను. పై అర ఇవ్వకూడదా, గాలి తగులుతుంది అంది. పై అరలో మీ మరిదిగారి ప్లానులున్నాయన్నాను. అవి తీసి కింద పడేసిన చప్పుడయింది. గేదెని పక్కింటి కోడలికే అమ్మేసింది. రేకుపెట్టె మంచం కిందకి పోయింది.

రైలు మాత్రం ఇప్పటికీ లంకకి చేరలేదు. రాజమండ్రిలో బయలుదేరి, వంతెన మీదకి వచ్చి, తలుపు రెక్కల అతుకు దగ్గర ఆగుతుంది. కొత్త ఒడ్డుకి సరిపడేలా స్టేషను ఎక్కడ కట్టాలో తేలలేదని మళ్ళీ ప్లాను మార్చారు. వంతెన వంపు తప్పని అక్క, కాదని ఆయన. ఫ్యాను మనిషిని కూడా మొన్న తీర్పు చెప్పమన్నారు. నేను రోజుకి రెండుపూటలా గోదావరిని ఎత్తి, వంగి, చేటలో బియ్యం తెచ్చుకుంటూనే ఉన్నాను, నడుం పట్టేస్తోంది, ఎవరికీ పట్టదు. వయసు మీద పడేకొద్దీ కాలం పరిగెడుతుందని అందరూ అంటారు. మిగతా ఇళ్ళల్లో సంగతి నాకు తెలియదు. మా వెనక గదిలో మాత్రం అది రెండు వానాకాలాలుగా మంచం చివర కూర్చుని, వాళ్ళిద్దరి పోట్లాట వింటూ, ఎంత లేపినా లేవడం లేదు.